జంట గ్లాసులు

వైనరీలో పనిచేసేవాళ్లందరూ పెద్దాయన్ని చాటుగా ముక్కుగారు అంటారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలియనట్టు ఉంటాడు గానీ లోలోపల మురిసిపోతాడు. మురిసిపోడూ మరి! మూత కూడా తియ్యని పీపా పక్కన నిలబడి, రెండుసార్లు గాలి పీల్చి, "దీన్ని ఈ నెలలోనే సీసాల్లో పట్టండి, ఆలస్యమైతే పులిసిపోతుంది" అని చెప్పగల ముక్కు అందరికీ ఉంటుందా? ఆ ముక్కు మీదే ఆ వైనరీ ఇన్నేళ్లూ నడిచిందంటే అందులో గొప్పలు చెప్పుకోవడం ఏమీ లేదు.

అలాంటి ముక్కుకి ఏదో అయిందని మొదట కనిపెట్టింది కోడలు.

కిందటి నెలలో ఆయనకు జ్వరం వచ్చింది. వారం రోజులు మంచం దిగలేదు. దిగిన రెండో రోజున వంటింట్లో పాలు పొంగి, స్టవ్వు మీద మాడి, ఇల్లంతా కమురు కంపు కొట్టింది. కోడలు పెరట్లోంచి పరుగున వచ్చేసరికి పక్క గదిలో, తలుపు బార్లా తెరిచి, ఆయన నింపాదిగా పేపరు చదువుకుంటున్నాడు. "మామయ్యా, మీకు తెలియలేదా?" అని అడగబోయి ఆమె ఆగిపోయింది. నాలుగు రోజుల తర్వాత ఇంకోటి చూసింది. ఆయన చేతులు కడుక్కునే చోట నిలబడి సబ్బుబిళ్లని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తున్నాడు. కాసేపాగి మళ్లీ చూశాడు. ఆ తర్వాత తువ్వాలు. ఆ తర్వాత తన చొక్కా చెయ్యి. ఆమె చప్పుడు చెయ్యకుండా వెనక్కి వచ్చేసింది.

ఎవరికీ చెప్పలేదు. మొగుడికి కూడా చెప్పలేదు. మామగారినీ అడగలేదు. అడిగి ఉంటే ఈ కథే లేదు. కానీ కొన్ని ఇళ్లల్లో మనుషులకు ఒకరంటే ఒకరికి ఎంత ప్రేమంటే, అడగాల్సిన ఒక్క మాట తప్ప అన్నీ మాట్లాడుకుంటారు.

ఆమె గుండెల్లో రాయి పడటానికి కారణం ఉంది. మార్కుల రోజు ఇంక మూడు వారాల్లోకి వచ్చేసింది.

మార్కుల రోజంటే ఆ ఇంట్లో మాటలు కాదు. సీసాలు బయటికి వెళ్లే ముందు ఏటా ఒక పొద్దున ఇంటివాళ్లు ముగ్గురు పొడుగాటి బల్ల ముందు కూర్చుని, ఆ ఏడు తమ వైనరీలో తయారైన పదకొండు వైన్లనీ రుచి చూసి నూటికి ఇన్ని అని మార్కులు వేస్తారు. తొంభై దాటిన దానికి నల్ల లేబుల్. డెబ్భైకి తగ్గింది వెనిగర్ చేసేవాళ్లకి పోతుంది. బల్ల నడిమధ్య పెద్ద కుర్చీలో ముక్కుగారు. ఆయన వేసిన మార్కు రెండుగా లెక్క. ఆయనకు కుడివైపున తమ్ముడు, అంటే కోడలికి చినమామయ్య. ఈయన మొహమాటస్థుడు. ఏ వైన్‌నీ నొప్పించలేక అన్నిటికీ ఎనభై ఎనభై అని వేసుకుంటూ పోతాడు, అందుకని పనివాళ్లు ఈయనకు ఎనభైగారని పేరు పెట్టారు. ఎడమవైపున ముక్కుగారి కొడుకు. అతను అరమార్కు కోసం అరగంట ఆలోచిస్తాడు.

పెద్ద కుర్చీలో కూర్చునే మనిషికి మాత్రం ఒక పరీక్ష ఉంది. మిగతా ఇద్దరి ముందూ పదకొండు గ్లాసులుంటే ఆయన ముందు పన్నెండుంటాయి. రంగు చూసి పోల్చుకోకుండా అన్నీ నల్ల గాజువే. ఆ పన్నెండింటిలో రెండింటిలో ఒకటే వైన్ ఉంటుంది. ఆ జంట ఏదో ఆయన చెప్పాలి. ఆయన చెప్పిన రెండు గ్లాసుల్నీ అక్కడే ఖాళీ చేసి తిరగేస్తారు. గ్లాసు అడుగున మైనపు పెన్సిల్‌తో రాసిన సీసా నంబర్లు రెండూ ఒకటే అయితే కుర్చీ ఇంకో ఏడాది ఆయనదే. కాకపోతే పెన్సిల్ బల్ల మీద పెట్టి లేచిపోవాలి. ఇక జన్మలో కూర్చోకూడదు.

ఆ నియమం పెట్టింది ఎవరనుకున్నారు? ముక్కుగారే. పదహారేళ్ల కింద ఆ కుర్చీలో ఆయన అన్నగారు ఉండేవాడు. ఆయన మార్కులు తలకిందులవడం మొదలుపెట్టాయి. వెనిగర్‌కి పోవాల్సింది నల్ల లేబుల్ తగిలించుకుని బజార్లోకి వెళ్లింది. మంచిది వెనిగర్ పాలయింది. పెద్దాయన, పైగా ఇంటికి పెద్దకొడుకు, ఎవరు నోరెత్తుతారు? అప్పుడు ముక్కుగారు ఈ పన్నెండు గ్లాసుల ఉపాయం కనిపెట్టాడు. "ఎవరు కూర్చున్నా ఇదే న్యాయం" అన్నాడు. అన్నగారు నవ్వుకుంటూ కూర్చుని, లేచేటప్పుడు నవ్వలేకపోయాడు.

ఆ తర్వాత ఆయన్ని గేటు దగ్గర వేశారు. వచ్చిన ద్రాక్షలో కుళ్లూ పచ్చీ ఏరించే పని. కోడలు ఆ ఇంటికి వచ్చింది ఆ తర్వాత నాలుగేళ్లకి. వచ్చిన రోజు నుంచి ఆ పెదమామయ్యకి మధ్యాహ్నం క్యారియర్ పట్టుకెళ్లే పని ఆమెదే. గేటు దాటితే ఏమన్నా పాపమా, కానీ ఆయన లోపలికి వచ్చేవాడు కాదు. ముక్కుగారు రోజుకి రెండుసార్లు ఆ గేటులోంచే పోయేవాడు, ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు కాదు. ఆయన క్యారియర్ మూత తీసి, వంగి, కళ్లు మూసుకుని గట్టిగా గాలి పీల్చేవాడు. ఏ వాసనా తెలియక, ఏదో ఒక కూర పేరు చెప్పి ఆమె మొహంలోకి చూసేవాడు. నాలుగేళ్లు ఆ చూపు భరించింది ఆమె. ఒకరోజు పొద్దున పనివాళ్లు వచ్చేసరికి ఆయన స్టూలు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయి ఉన్నాడు.

కుర్చీ దిగితే మామయ్యకి మిగిలేదేమిటో ఆమెకి ఇంకెవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి చెప్పాలి. బల్ల ముందు ముగ్గురున్నా గ్లాసుల్లో పోసే మనిషి ఒక్కరే. పక్కనున్న చిన్న గదిలో తలుపు వేసుకుని, సీసాలకు కాగితం సంచులు తొడిగి, ఏ గ్లాసులో ఏది పోసిందీ ఆ ఒక్క మనిషికే తెలిసేలా పోయాలి. మొదట్నుంచీ ఆ పని అత్తగారిది. బావగారి కుర్చీ పోయిన రోజున గ్లాసులు తిరగేసి చూపించింది ఆవిడే. ఆ రోజు ఆవిడ పచ్చి మంచినీళ్లు ముట్టలేదట, కానీ ఉన్న నంబరు ఉన్నట్టే చూపించింది. రెండేళ్ల కింద ఆవిడ పోయాక ఆ పని కోడలి చేతికి వచ్చింది. ఇంతవరకు రెండుసార్లు పోసింది. రెండుసార్లూ ముక్కుగారు జంటని పట్టుకుని, "ఈసారి కష్టమైనవి పెట్టావే!" అని మెచ్చుకున్నాడు కూడా.

మార్కుల రోజు పొద్దున పది గంటలకి కోడలు ఆ చిన్న గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది. గ్లాసులు ముందు రోజే కడిగి, వేడినీళ్లలో ముంచి, బట్టతో తుడిచి బోర్లించింది. పదకొండు సీసాలూ వరసగా ఉన్నాయి. మూడు వారాలుగా బుర్రలో తిప్పుకుంటున్న ఆలోచనని ఇప్పుడు చేతల్లో పెట్టాలి.

ఆలోచన చాలా తేలికైనది. ఆయన చెప్పిన రెండు గ్లాసులనే తిరగేస్తారు. మిగతా పదీ అలాగే తొట్టిలోకి పోతాయి, వాటి అడుగు ఎవరూ చూడరు. అలాంటప్పుడు రెండింటిలోనే ఒకటే వైన్ ఎందుకుండాలి? నాలుగింటిలో ఉంటే? ఆరింటిలో ఉంటే? వాసన తెలియని మనిషి గుడ్డిగా ఏ రెండు అంకెలు చెప్పినా సరిపోయేలా చేస్తే, ఆయన కుర్చీ ఆయనకుంటుంది, ఎవరికీ నష్టం లేదు. మార్కులు ఏ సీసాకి ఏవో తర్వాత సరిచూసేది కూడా తనే కాబట్టి, ఆయనవి ఎలాగో సర్దెయ్యొచ్చు.

ఏడో నంబరు సీసా తీసింది. ఎర్రచేను వైన్ అది. మామయ్య తన చేతుల్తో నాటించిన చేను. రెండో గ్లాసులో పోసింది. మూడో దాంట్లో, నాలుగో దాంట్లో, అయిదో దాంట్లో అదే పోసింది. ఒకటికీ, ఆరుకీ, పదకొండుకీ మాత్రం వేరే సీసాలు ఎత్తింది. పన్నెండింటిలో తొమ్మిది గ్లాసులు ఎర్రచేనుతో నిండాయి. ఇప్పుడు కళ్లుమూసుకుని చెప్పినా సగానికి పైగా అవకాశం ఉంది. పది చేద్దామా అనుకుంది, చెయ్యి రాలేదు. తొమ్మిదికి వచ్చిన చెయ్యి పదికి ఎందుకు రాలేదో ఆమెకే తెలియాలి.

పళ్లేలు తెచ్చి బల్ల మీద పెట్టింది. కిటికీలు తెరిచి ఉన్నాయి. తెల్లగుడ్డ మీద నల్ల గ్లాసులు, ఒక్కొక్కరి పక్కనా ఉమ్మడానికి ఒక గిన్నె, మంచినీళ్లు, రొట్టెముక్కలు, చీటీ, పెన్సిల్. కోడలు గోడ పక్కన నిలబడింది. పోసిన మనిషి అక్కడే నిలబడాలి, మొహంలో ఏ భావమూ కనపడనివ్వకూడదు.

ముక్కుగారు మొదటి గ్లాసు ఎత్తి వాసన చూసి, ఒక గుక్క నోట్లో తిప్పి, ఉమ్మి, చీటీ మీద ఒక అంకె వేశాడు. రెండోది చూశాడు. ఇంకో అంకె. మూడోది ముక్కు దగ్గరికి రాగానే ఆయన కనుబొమలు పైకి లేచాయి. మళ్లీ రెండోది అందుకుని, మళ్లీ మూడోది అందుకుని, మీసాల కింద చిన్నగా నవ్వుకున్నాడు.

"ఏంటన్నయ్యా, అప్పుడే దొరికిపోయిందా?" అన్నాడు చినమామయ్య.

"నీ ఎనభైలు నువ్వేసుకో, నాతో నీకెందుకు" అన్నాడు ఆయన హుషారుగా.

నాలుగోది ఎత్తాడు. నవ్వు పోయింది. రెండోది చూశాడు, నాలుగోది చూశాడు. నీళ్లు పుక్కిలించాడు. రొట్టెముక్క నమిలాడు. అయిదోది ఎత్తి చాలాసేపు అలాగే పట్టుకున్నాడు. ఆరో గ్లాసు దగ్గర కాస్త తేరుకున్నట్టు కనిపించాడు, గబగబా అంకె వేశాడు. ఏడో గ్లాసు దగ్గర మళ్లీ మొహం నల్లబడింది.

గోడ పక్కన నిలబడ్డ కోడలు అదంతా చూస్తూనే ఉంది. అయ్యో, పాపం, ఎంత తడుముకుంటున్నారో అనుకుంది. తను చేసిన పని ఎంత మంచిదైందో అని లోపల తృప్తిపడింది కూడా. ఏదో రెండు అంకెలు చెప్పెయ్యండి మామయ్యా, ఏవైనా సరే, అని మనసులోనే బతిమాలుకుంది.

ఎనిమిది, తొమ్మిది, పది. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. లేచి కిటికీ దగ్గరికి వెళ్లి గాలి పీల్చుకుని వచ్చాడు. అలా లేవడం ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. కొడుకు తన చీటీ మీదనుంచి తలెత్తి తండ్రి వంక చూశాడు. చినమామయ్య పెన్సిల్ ఆగిపోయింది. ఆయన తిరిగి కూర్చుని పదకొండు, పన్నెండు ముగించి, మళ్లీ రెండో గ్లాసుకి వచ్చాడు. వరసంతా మళ్లీ చూశాడు. గంటన్నర గడిచింది.

చివరికి పెన్సిల్‌ని రెండు వేళ్లతో పట్టుకుని బల్ల మీద అడ్డంగా పెట్టాడు.

"నాకు తెలియడం లేదురా" అన్నాడు.

"ఏం తెలియడం లేదు నాన్నా?"

"తేడా. ఒకటో రెండో తప్ప అన్నీ ఒక్కలాగే అనిపిస్తున్నాయి. ఎన్నిసార్లు చూసినా అంతే. అన్నీ ఒకే వైన్ అనిపిస్తోంది."

కోడలికి అప్పుడు అర్థమైంది. ఆయన తడుముకోలేదు. ఆయన పట్టేశాడు. తొమ్మిది గ్లాసుల్నీ పట్టేశాడు.

"ఇంకోసారి చూడండి నాన్నా. కాస్త ఆగి, మళ్లీ పోయించి..."

"అన్నయ్యకి ఇంకోసారి పోయించామా?" అన్నాడు ముక్కుగారు.

చినమామయ్య కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. కోడలు నోరు తెరిచింది. "మామయ్యా" అన్న మాట గొంతు దాకా వచ్చింది. అంటే ఏమవుతుంది? అత్తగారి చేతి నుంచి తన చేతికి వచ్చిన పనిలో మోసం చేశానని మొగుడి ముందు, చినమామయ్య ముందు ఒప్పుకోవాలి. ఇలా కళ్లెదుట మూడు జతల కళ్లు ఉండగా ఆ మాట బయటికి రాలేదు. తర్వాత చెబుదాం, ఆయన ఒక్కరూ ఉన్నప్పుడు చెబుదాం అనుకుంది. పిరికితనానికి తర్వాత అన్న మాట ఎప్పుడూ చేతికి అందుబాటులోనే ఉంటుంది.

ఆయన లేచాడు. ఎవరూ పట్టుకోనక్కర్లేకపోయినా కొడుకు వచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "కుర్చీ ఇక నీది. నా మార్కులు కొట్టెయ్యండి" అని చెప్పి బయటికి నడిచాడు.

ఆ కంగారులో ఆమె చేసిన పని ఏమిటంటే, పళ్లేలన్నీ ఎత్తుకుని తొట్టి దగ్గరికి పరిగెత్తి, గ్లాసులన్నీ కడిగేసింది. ఎవరైనా చూస్తారేమోనన్న భయం. తొమ్మిది గ్లాసుల అడుగున ఏడు ఏడు ఏడు అని ఉన్న అంకెల్ని వేడినీళ్లతో, పీచుతో, గోళ్లతో గీకి మరీ వదిలించింది. మిగిలిన సీసాలు అలవాటు ప్రకారం ఆ మధ్యాహ్నమే పనివాళ్లకు పంచేశారు. అంతా అయ్యాక బల్ల గుడ్డ దులుపుతుంటే మామయ్య చీటీ కింద పడింది. తీసి చూసింది. ఒకటో గ్లాసుకి డెబ్భై ఎనిమిది. రెండు నుంచి అయిదు దాకా ఎనభై ఆరు, ఎనభై ఆరు, ఎనభై ఆరు, ఎనభై ఆరు. ఆరో దానికి తొంభై ఒకటి. తర్వాత మళ్లీ వరసగా ఎనభై ఆర్లు. పదకొండుకి డెబ్భై నాలుగు. పన్నెండుకి ఎనభై ఆరు. ఒక్క మార్కు, అరమార్కు కూడా అటూ ఇటూ కాలేదు. ఆ ముక్కుతో సమానమైన ముక్కు ఈ భూమ్మీద లేదని ఆ చీటీ చెబుతోంది. ఆమె ఆ గుడ్డ మీదే కూలబడి ఏడ్చింది.

ఆ సాయంత్రం ఆయన గది తలుపు తియ్యలేదు. మర్నాడు పొద్దున తొమ్మిదింటికి ఆమె మార్కుల గదిలోకి వెళ్లేసరికి ఆయన అక్కడే ఉన్నాడు. బల్ల సొరుగు బయటికి లాగి తన సామాను ఏరుకుంటున్నాడు. అరిగిపోయిన పెన్సిళ్లు, పాత చీటీల కట్ట, ఒక చేతిరుమాలు. ఒక్కరాత్రిలో పదేళ్ల ముసలితనం మీదపడింది.

"మామయ్యా, మీ ముక్కు బాగానే ఉంది" అంది.

"అలాగేనమ్మా" అన్నాడు తలెత్తకుండా.

"నిజం మామయ్యా. నిన్న మీ గ్లాసుల్లో తొమ్మిదింటిలో ఒకటే వైన్ పోశాను. నేనే పోశాను."

పెన్సిళ్లు ఏరుతున్న చెయ్యి ఆగింది. ఆయన మెల్లిగా తలెత్తాడు. ఆ మొహంలోకి ప్రాణం వచ్చింది, అది ఆమె కళ్లారా చూసింది.

"ఏ వైను?"

"ఎర్రచేనుది."

"ఎందుకు?"

చెప్పింది. మాడిన పాలు చెప్పింది, సబ్బుబిళ్ల చెప్పింది. గేటు దగ్గరి స్టూలు మీద ఆయన్ని ఊహించుకుని మూడు వారాలు నిద్రపోలేదని చెప్పింది. ఆయన అంతా విన్నాడు.

"పోయిన మాట నిజమే. పదిరోజులు ఏ వాసనా తెలియలేదు. తర్వాత వచ్చేసింది. సబ్బు వాసన మొదట తెలిసిన రోజున ఏడుపొచ్చిందమ్మా. ఎవరికి చెప్పుకోను? పోయిందనే ఎవరికీ చెప్పలేదు, వచ్చిందని ఏమని చెప్పను?" అన్నాడు. సొరుగు మూసి, "నన్నొక్క మాట అడగాల్సింది" అన్నాడు.

"తప్పయిపోయింది మామయ్యా. అందరికీ చెప్పేస్తాను. ఇప్పుడే చెప్పేస్తాను."

"ఆగు. ఆ గ్లాసులేవి?"

"కడిగేశాను."

"సీసాలు?"

"పంచేశారు."

ఆమె గభాలున చీటీ తీసి ఆయన చేతికిచ్చింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని ఒక్కో అంకె మీదా వేలు పెట్టి చూశాడు. చూస్తున్నకొద్దీ ఆ మొహంలో వెలుతురు తగ్గిపోయింది.

"ఇది నీకు ఎప్పుడు దొరికింది?"

"నిన్ననే. గుడ్డ దులుపుతుంటే."

"అయితే ఎనభై ఆర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాకే కదమ్మా, తొమ్మిదింటిలో ఒకటే పోశానని నాకు చెబుతున్నది."

"అయ్యో, కాదు మామయ్యా! నేను కథ అల్లుతున్నానా?"

"నీ మీద కోపం లేదు. నువ్వు మంచిదానివి. ఎంత మంచిదానివో నాకు తెలుసు." ఆయన చీటీని మడతపెట్టాడు. "గేటు దగ్గర అన్నయ్య క్యారియర్ వాసన చూసి ఏదో ఒక కూర పేరు చెప్పేవాడు గుర్తుందా? ఏది చెబితే అదేనని ఒప్పుకునేదానివి. వంకాయ తెచ్చిన రోజున బెండకాయ అన్నాడు. భలే కనిపెట్టారు పెదమామయ్యా, అన్నావు. నేను గోడ అవతల నిలబడి విన్నాను. అప్పుడు చేతులెత్తి దణ్ణం పెట్టుకున్నానమ్మా నీకు."

ఆ మాట వినకుండా ఉంటే బాగుండేది అనిపించింది ఆమెకి.

"పోనీ ఇప్పుడు చూడండి" అంది చివరికి. "ఇప్పుడు పోస్తాను. మూడు గ్లాసులు. రెండింటిలో ఒకటే. మీరే చెప్పండి."

"ఎవర్నన్నా పిలు, వాళ్లు పోస్తారు" అంటాడేమో అనుకుంది. పిలవాలనే ఉంది ఆమెకీ. "మీ అబ్బాయిని పిలవనా?" అని తనే అడిగింది.

"వాడు మాత్రం నీలాగా జాలిపడడా? తమ్ముడు మాత్రం పడడా? ఈ ఇంట్లో పోసేవాళ్లు మోసం చెయ్యరనే ఒక్క నమ్మకం మీద పదహారేళ్లు కూర్చున్నాను నేను. నువ్వు చెప్పేది నిజమైతే ఆ నమ్మకం పోయింది. అబద్ధమైతే ముక్కు పోయింది. పోసి తీసుకురా, చూద్దాం."

ఆమె చిన్న గదిలోకి వెళ్లి రెండు కొత్త సీసాలు తీసింది. ఈసారి ఏ వంకరా లేకుండా పోసింది. ఒకటో గ్లాసులో ఎర్రచేను, రెండో గ్లాసులో పక్క చేనుది, మూడో గ్లాసులో మళ్లీ ఎర్రచేను. అడుగున నంబర్లు రాసింది. తెచ్చి ఆయన ముందు పెట్టి, గోడ పక్కకి వెళ్లి నిలబడింది.

ఆయన మొదటిది చూశాడు. రెండోది చూశాడు. మూడోది ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. తొందరపడలేదు. ఏ గ్లాసుకీ రెండోసారి వెళ్లలేదు.

"ఒకటీ, మూడూ" అన్నాడు.

ఆమె ఒక్క అంగలో బల్ల దగ్గరికి వచ్చి పడింది. "అవును! అవును మామయ్యా, ఒకటీ మూడే! సరిగ్గా చెప్పారు!" అంటూ గ్లాసులు రెండూ పైకెత్తి అడుగులు చూపించింది. వైన్ ఆమె చేతుల మీద ఒలికి తెల్లగుడ్డ మీద పడింది. ఏడుస్తోంది, నవ్వుతోంది. "చూశారా, ఏడు, ఏడు!"

ఆయన నంబర్లు చూడలేదు. ఆమె మొహమే చూస్తున్నాడు. అందులో ఉన్న సంతోషాన్ని చాలాసేపు చూశాడు.

"రెండూ మూడూ అని ఉంటే ఏమనేదానివమ్మా?"

"తప్పని చెప్పేదాన్ని" అనాలి. ఆ మాట వెంటనే రావాలి. ఆమె మనసు ఒక్క క్షణం ఆ రెండూ మూడూ దగ్గరికి వెళ్లింది. ఆయన తప్పు చెప్పిన ఆ బల్లనీ, ఆయన మొహాన్నీ, చేతిలో తడిబట్టనీ, అంకెని చెరిపెయ్యడానికి పట్టే కాలాన్నీ చూసింది. అప్పుడు గానీ నోరు పెగల్లేదు.

"తప్పని చెప్పేదాన్ని మామయ్యా" అంది.

ఆ ఆలస్యాన్ని ఆయన విన్నాడు. తల ఊపాడు. ఆమె చేతుల్లోంచి గ్లాసులు తీసుకుని బల్ల మీద పెట్టి, చేతిరుమాలుతో ఆమె వేళ్లు తుడిచి, తన పెన్సిళ్లు జేబులో వేసుకుని బయటికి వెళ్లిపోయాడు.